గురువారం గద్ద

శ్యామలమ్మకు ఎలకలు తప్ప అన్నీ భయమే.

చిలకలగూడలో ఆమె ఉండే సందులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. తెలియని నంబరైతే ఫోన్‌ను దిండు కింద పెట్టి, అది నోరు మూసుకునేదాకా గదిలో ఓ మూల నిలబడి చూస్తుంది. మెట్రో స్టేషన్‌లో కదిలే మెట్లను చూసి దండం పెట్టి, కదలని మెట్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటుంది. రోడ్డు మీద ఎప్పుడూ గోడవారనే నడక. గోడ అయిపోయి ఖాళీ జాగా వచ్చిందంటే ఆగి, కొంగు బిగించి, చెరువులోకి దిగినట్టు దిగుతుంది.

వీటన్నిటినీ మించిన భయం ఇంకొకటుంది. ఎదుటి మనిషికి "వద్దు" అని చెప్పడం. బస్సులో తన స్టాపు వచ్చినా, తలుపుకడ్డంగా నిలబడ్డవాళ్లను జరగమనలేక, వాళ్లు దిగే స్టాపుదాకా పోయి వెనక్కి నడిచొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. చాపలమ్మే మనిషి గుమ్మం ముందు కూర్చుని చాప విప్పాడంటే ఆ ఇంట్లో ఇంకో చాప చేరినట్టే.

"అమ్మా, ఉన్నది మనమిద్దరం. పెండ్లి బృందం పండేటన్ని చాపలైనయి. ఇగ చాలించు" అంటాడు కొడుకు లక్ష్మణ్. బేగంపేటలో ఓ హోటల్లో వంటవాడు.

"నేనేం చెయ్యాలెరా, ఆయన సగం దాంక విప్పిండు" అంటుంది శ్యామలమ్మ.

ఉద్యోగం కూడా చాపలాగే ఆమె నెత్తిన పడింది. సికింద్రాబాదులో ఒక మందుల కాలేజీలో ఆమె గదులు ఊడ్చేది. అక్కడ వెనకవైపు తెల్ల ఎలకలను పెంచే షెడ్డు ఉంది. దాన్ని చూసుకునే మనిషిని ఒక ఎలక కరిస్తే, అతను ఆ మధ్యాహ్నమే చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ప్రొఫెసర్ రామ్మోహనరావు వరండాలో ఎదురుపడ్డ మొదటి మనిషిని పట్టుకుని "శ్యామలమ్మా, మీరు చూసుకుంటారా?" అన్నాడు. వద్దు అనడానికి ఆమె నోరు తెరిచింది. నోట్లోంచి "సరే సార్" అని వచ్చింది.

మొదటిరోజు బోనుల ముందు నిలబడి కాళ్లు వణుకుతుంటే చూసింది. ఎలకలు కూడా బోనుల మూలల్లో ఒకదాని మీద ఒకటి పడి వణుకుతున్నాయి. "అయ్యో, మీరు సుత గింతేనా!" అంది. ఆనాటి నుంచి వాటికీ ఆమెకూ పేచీ లేదు. ఊక మారుస్తుంది, సీసాల్లో నీళ్లు నింపుతుంది, ఇంటి కబుర్లన్నీ వాటికి చెబుతుంది. అవి చాపలమ్మవు కాబట్టి వాటి దగ్గర ఆమెకు ఏ భయమూ లేదు.

ఆ షెడ్డుకు కల్పలత వచ్చింది. సైనిక్‌పురి పిల్ల, చివరి ఏడాది చదువుతోంది. గుబులు తగ్గించే చెట్ల మందును ఎలకల మీద పరీక్షించి చూడటం ఆమె పని. ఏ చెట్టు అని ఇంకా తేల్చుకోలేదు. ఒకరోజు శ్యామలమ్మ డబ్బాలోంచి ఏదో పచ్చటి కషాయం తాగుతుంటే అడిగింది.

"ఏంటది శ్యామలమ్మా?"

"అత్తిపత్తి ఆకు, బిడ్డా. ముట్టుకుంటే ముడుచుకుంటది చూడు, అది. గుండె దడదడలాడ్తే మా అత్త గిదే ఇచ్చేది."

గేటు దగ్గరుండే సోమయ్య ఆ మాట విన్నాడు. కాలేజీకి ఎంత కాపలా కాస్తాడో, పక్కవాళ్ల మాటలకూ అంతే కాపలా కాస్తాడు.

"శ్యామలక్కా, ఇది రోజూ తాగంగనే నువ్వు గిట్లున్నవంటే, తాగకముందు ఎట్లుంటివే?"

శ్యామలమ్మ నవ్వలేదు. నిజంగానే ఆలోచించి చెప్పింది. "అప్పట్ల ఇంట్లకెల్లి గేటు దాంక సుత రాకపోదును, సోమయ్యా."

కల్పలత పుస్తకాలు తిరగేసింది. ఆ ఆకు గురించి పెద్దలు చెప్పినవి కొన్ని దొరికాయి. రామ్మోహనరావు సరేనన్నాడు. మందుకు కావలసినంత ఆకు శ్యామలమ్మ మేడ మీది పెయింటు డబ్బాల్లో ఎక్కడిది! బస్తాలకొద్దీ సైనిక్‌పురి నర్సరీల నుంచే వచ్చింది. కానీ మొదటి గుప్పెడు ఆమె డబ్బాలోది. అందుకని ఆ ఆకు ఆనాటినుంచి "నా ఆకు" అయింది. కల్పలత ఆకును ఎండబెట్టి, పొడి చేసి, సారం తీసింది. అది గోధుమరంగు జిగురై గిన్నె అడుగున మిగిలేసరికి, పిల్ల బడికి మొదటిసారి పోతుంటే చూసే తల్లిలా శ్యామలమ్మ చూసింది.

పరీక్ష చేసే పద్ధతి శ్యామలమ్మకు బాగా నచ్చింది. కూడిక గుర్తు ఆకారంలో ఒక చెక్క, నడుమెత్తు స్టాండు మీద ఉంటుంది. నాలుగు దారులు. రెండు దారులకు అటూ ఇటూ గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలకను మధ్యలో వదులుతారు. భయమున్న ఎలక గోడల మధ్యకు పరుగెత్తి అక్కడే కూర్చుంటుంది. భయం తగ్గినది గోడల్లేని దారిలోకి వచ్చి అటూ ఇటూ చూస్తుంది. కొన్ని ఎలకలకు ఉత్త నీళ్లు పడతారు, కొన్నిటికి ఆకు మందు, కొన్నిటికి డాక్టర్లు రాసే గోలీ. ఏవి ఎంతసేపు బయట తిరిగాయో చూస్తారు.

"గోడ లేని తొవ్వకు పోకుంటే భయమున్నట్టా?" అని అడిగింది శ్యామలమ్మ.

"అవును."

"మరి దానికి ఇంత పరీక్షెందుకు బిడ్డా? నన్నడిగితే చెప్పకపోదునా!"

షెడ్డులోనే ఓ పక్కనున్న పరీక్ష గది అందరికీ ఒక్కటే. కల్పలత వంతుకు గురువారం వచ్చింది. మొదటి గురువారం ఆకు తాగిన ఎలకలు కొన్ని బయటికి వచ్చాయి, కొన్ని రాలేదు. "పర్లేదు. కానీ కల్పలతా, నీ చేతులు వణికాయి. మళ్లీ సరిగ్గా చెయ్యి" అన్నాడు రామ్మోహనరావు.

పర్లేదు అనే మాట శ్యామలమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఏళ్ల తరబడి తన గుండెను పట్టి నిలబెట్టిన ఆకు పర్లేదా? సోమయ్యతో చెప్పుకుని బాధపడింది.

"దిష్టి తగిలింది అక్కా. ఊదు సాబును పిలుద్దాం" అన్నాడు సోమయ్య.

ఊదు సాబు పేరు దస్తగిరి. గురువారం గురువారం స్టేషన్ రోడ్డు దుకాణాలన్నిటికీ ఊదు పొగ వేస్తాడు. పొగ గిన్నె ఒక చేతిలో, నెమలీకల కట్ట ఇంకో చేతిలో. గల్లాపెట్టె మీద, తక్కెడ మీద, యజమాని నెత్తి మీద ఆ కట్టతో మూడుసార్లు ఊపి దీవిస్తాడు. మిఠాయి కొట్టూ, మందుల కొట్టూ, సెల్‌ఫోన్ల కొట్టూ, ఎవరూ ఆయన రాకుండా ఆ రోజు బేరం మొదలుపెట్టరు. సోమయ్య కుర్చీకి కూడా ప్రతి వారం ఒక దీవెన ఉంది.

రెండో గురువారం కల్పలత బోనులను పరీక్ష గదిలోకి మార్చి, ఎలకలు ఆ చోటికి అలవాటు పడాలని వదిలి, టిఫిన్‌కు పోయింది. వెనక తలుపులోంచి దస్తగిరి వచ్చాడు. శ్యామలమ్మ కొంగు నెత్తిన కప్పుకుని చేతులు జోడించింది. ఆయన వాకిట్లోనే ఒక క్షణం ఆగాడు. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి బారచాపి, బోనుల మీద నెమలీకలు అటూ ఇటూ జోరుగా ఊపాడు. ఎంత భక్తి అనుకుంది శ్యామలమ్మ. కొట్లలో ఆయన కళ్లు మూసుకోగా ఆమె చూడలేదు.

ఆ రోజు ఒక్క ఎలకా బయటికి రాలేదు. ఆకు తాగినవే కాదు, గోలీ మింగినవి కూడా గోడకు ముఖం ఆనించి కూర్చున్నాయి. గోలీ పాతదేమోనని కొత్తది తెప్పించారు. కిటికీలోంచి ఎండ పడుతోందేమోనని పరదా కట్టారు. దిష్టి మరీ గట్టిదని శ్యామలమ్మ అర్థం చేసుకుంది. మూడో గురువారం, "సాబ్, ఒక్కొక్క బోను మీద వేరే వేరేగ ఊపాలె" అని బతిమాలింది. దస్తగిరి గుటక మింగి, కళ్లు మూసుకుని, ఒక్కొక్క బోను మీదా ఊపాడు.

ఆ రోజు ఎలకలు గోడల మధ్య కూడా కదల్లేదు. ఒకదాన్ని కల్పలత వేలితో తట్టి చూసింది, బతికుందో లేదోనని.

"ఏదీ తేలట్లేదు" అన్నాడు రామ్మోహనరావు. "ఇంకొక్క బ్యాచ్ ఇస్తాను. అదీ ఇలాగే అయితే అత్తిపత్తి వదిలేసి ఇంకో చెట్టు తీసుకో. ఏడాది పోతుంది, తప్పదు."

కల్పలత షెడ్డులోకి వచ్చి ఊక బస్తా మీద కూర్చుని ఏడ్చింది. శ్యామలమ్మ ఆమె వీపు నిమురుతూ, నా ఆకు ఇంత పని చేసిందా అని తనూ ఏడ్చింది. ఎలకలు ఇద్దరినీ చూశాయి.

విషయం ఫోన్‌లో బయటపడింది. ఎలకలు తిరిగేది వీడియో తీయడానికి గదిలో పైన ఒక ఫోన్ బిగించి ఉంటుంది. ఆ మూడో గురువారం కల్పలత దాన్ని నడుస్తుండగానే వదిలి టిఫిన్‌కు పోయింది. తర్వాత రామ్మోహనరావు, కల్పలత దాన్ని తెర మీద పెట్టి చూస్తుంటే, శ్యామలమ్మ టీ తీసుకుని వచ్చింది. తెర నిండా పొగ. పొగలోంచి ఒక పెద్ద నెమలీకల కట్ట ఊడిపడింది. దాని నీడ పడ్డ బోనులోని ఎలకలన్నీ ఎక్కడివక్కడ రాళ్లయిపోయాయి.

"ఇదేంటి?" అన్నాడు రామ్మోహనరావు.

"నెమలీకలు సార్" అంది శ్యామలమ్మ.

"నెమలీకలని తెలుస్తోంది. ఇక్కడెందుకున్నాయి?"

"దిష్టికి సార్. నేనే పిలిపించిన. అంతకు ముందు గురువారం సుత."

ప్రొఫెసర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోపం వస్తుందేమోనని కల్పలత కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆయన భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"శ్యామలమ్మా, ఎలకకు నెత్తి మీద రెక్కల్లాంటివి ఊగితే ఏమనిపిస్తుంది?"

ఆమె ఆలోచించింది. "గద్ద వచ్చినట్టుంటది సార్."

"గద్దను రెండుసార్లు పిలిచి, ఒక్కొక్క ఎలకనూ విడివిడిగా చూపించి, తర్వాత భయం తగ్గిందా అని అడుగుతున్నాం మనం."

శ్యామలమ్మ టీ కప్పులు అక్కడే పెట్టేసి, చెంపలేసుకుంది. తన ఆకు తప్పేమీ లేదు. తప్పంతా దీవెనది. పిలిచింది తను.

"ఈ గురువారం ఆయన రాకుండా నేనే చెబుతాను" అన్నాడు రామ్మోహనరావు. అంతలోనే ఆ రోజు తనకు ఇంకో ఊళ్లో మీటింగు ఉందని గుర్తొచ్చింది. సోమయ్యను పిలిచి ఆపమంటే చెవులు మూసుకున్నాడు. "సాబును గేటు కాడ ఆపుతనా? పాపం తగుల్తది సార్. నా కుర్చీకి సుత దీవెనుంది." తలుపు గడియ పెడదామంది కల్పలత. "దీవించెటాయనను బయట నిలవెట్టి గడియ పెడ్తమా బిడ్డా?" అంది శ్యామలమ్మ. మళ్లీ తనే అంది. "పిలిచింది నేను. నేనే చెప్త."

రామ్మోహనరావు, కల్పలత ఆమెను చూశారు. సోమయ్య మాత్రం ఆకాశం వైపు చూశాడు.

మంగళవారం సాయంత్రం ఆమె స్టేషన్ రోడ్డులో దస్తగిరి బండి దగ్గరికి పోయింది. మిగతా రోజుల్లో ఆయన అక్కడ ఊదు, అత్తరు అమ్ముతాడు. దారంతా ఒకటే మాట నెమరేసుకుంది. రావద్దు సాబ్, రావద్దు సాబ్.

"ఏమమ్మా, నీ ఎలకలు ఖైరియతేనా?" అన్నాడు దస్తగిరి.

"మంచిగనే ఉన్నయి సాబ్."

"ఏమన్న పని మీద వచ్చినవా?"

"అదే సాబ్... ఎల్లుండి గురువారం గదా."

"అవునమ్మా." ఆయన ముఖం కొంచెం వాడింది.

"నీకేమన్న తక్లీఫ్ ఉంటే... దూరమైతదేమో..."

"అయ్యో, తక్లీఫ్ ఏముందమ్మా! నువ్వు ఇంత దూరం వచ్చి అడిగినవ్. పొద్దుగాలనే వస్త."

"తప్పకుండ రా సాబ్" అంది శ్యామలమ్మ. ఒక ఊదు పొట్లం కొనుక్కుని ఇంటికి వచ్చింది.

మర్నాడు కల్పలత షెడ్డు తలుపు దగ్గరే కాచుకుని ఉంది. "చెప్పావా?"

"చెప్పిన బిడ్డా."

"ఏమన్నాడు?"

"పొద్దుగాలనే వస్తనన్నడు."

కల్పలత గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది.

గురువారం పొద్దున శ్యామలమ్మ కషాయం రెండు గ్లాసులు తాగింది. "ఇయ్యాల ఏమన్న యుద్ధమా?" అన్నాడు లక్ష్మణ్. ఆమె అందరికంటే ముందే కాలేజీకి వచ్చి, బోనులు పరీక్ష గదిలో వరసగా పెట్టి, ఒక్కొక్కదాని దగ్గరా వంగి "ఇయ్యాల ఎవ్వరు రారు, మీరు మంచిగ తిరగండ్రి" అని చెప్పింది. కల్పలత లోపల తలుపు దగ్గరికి వేసుకుంది. శ్యామలమ్మ వచ్చి గేటు దగ్గర నిలబడింది. కాలు మారుస్తూ, కొంగు నలుపుతూ, రోడ్డు మీద కనబడ్డ ప్రతి గడ్డమూ ఆయనదేనేమోనని చూస్తూ నిలబడింది.

"సాబు ఇటు రాడు అక్కా. పొద్దుగాల మిఠాయి కొట్టు కెల్లి వస్తడు గదా, వెనక గేటు దగ్గరైతది" అన్నాడు సోమయ్య, అప్పుడే గుర్తొచ్చినట్టు.

శ్యామలమ్మ వెనక్కి తిరిగింది.

గేటుకూ షెడ్డుకూ మధ్య పెద్ద ఖాళీ మైదానం. పిల్లలు బండ్లు పెట్టుకునే చోటు. అందులో చెట్టు లేదు, గోడ లేదు. శ్యామలమ్మ ఇన్నేళ్లుగా ఏనాడూ దాని మధ్యలోంచి నడవలేదు. ఎప్పుడూ ప్రహరీ వెంబడి చుట్టూ తిరిగే పోతుంది. ఆవల చివర వెనక గేటు తీసుకుని దస్తగిరి వస్తున్నాడు. గిన్నెలో పొగ లేస్తోంది. నెమలీకల కట్ట భుజం మీద ఊగుతోంది. ప్రహరీ వెంబడి పోతే ఆయన ఆమెకంటే ముందే తలుపు దగ్గర ఉంటాడు.

ఆమె కొంగు నడుముకు దోపింది. చెప్పులు వదిలేసింది. మైదానం మధ్యలోంచి పరుగెత్తింది.

బండ్ల మీద కూర్చున్న పిల్లలు మాటలాపి చూశారు. సోమయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దస్తగిరి షెడ్డు మెట్టు మీద కాలు పెట్టాడు.

"సాబ్! వద్దు!"

ఆ గొంతు విని దస్తగిరి పైకెత్తిన నెమలీకల కట్టతో అలాగే బిగుసుకుపోయాడు. అచ్చం బోనులోని ఎలకలాగే. శ్యామలమ్మ ఆయాసపడుతూ ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఇంకొకసారి అనకపోతే ఆ మాట లోపలికి పోతుందన్న భయంతో గబగబా అంది.

"వద్దు సాబ్. లోపలికి రావద్దు. ఇయ్యాల వద్దు, వచ్చే వారం వద్దు. ఎప్పటికీ వద్దు. మీ ఈకలను చూసి అవి గద్ద అనుకుంటున్నయి. నా మీద కోపం చెయ్యకుండ్రి, శాపం పెట్టకుండ్రి. తప్పు నాది."

దస్తగిరి కట్ట దించాడు. "నిజంగనా అమ్మా?"

"నిజం సాబ్."

"ఇగ ఎన్నడు రావద్దా?"

"వద్దు."

ఆయన ఆకాశం వైపు చూసి, రెండు చేతులూ ఎత్తి, "యా అల్లా, షుక్ర్" అన్నాడు. పొగ గిన్నె మెట్టు మీద పెట్టి, తనూ పక్కన కూలబడ్డాడు.

"నాకు చిన్నప్పటి సంది ఎలకలంటే పానం పోతది తల్లీ. ఎలక పేరు చెప్తె మా ఇంట్ల నేను మంచమెక్కుత. నువ్వు అంత నమ్మి పిలిచినవ్, ఒద్దని ఎట్ల చెప్పాలె? మొన్న నువ్వు వచ్చి దూరమైతదేమో అన్నవ్ చూడు, అప్పుడు అవుననబోయిన. నోరు రాలే. ప్రతి గురువారం కండ్లు మూసుకొని ఊపుతున్న. ఎటు ఊపుతున్ననో నాకే ఎరుక లేదు."

శ్యామలమ్మ ఆయన్ని చూసింది. తర్వాత మైదానంలో ఎక్కడో వదిలేసిన తన చెప్పులను చూసింది. మెట్టు మీద ఇంకో చివర కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. దస్తగిరి కూడా నవ్వాడు. లోపలినుంచి కల్పలత తలుపు సందులో ముఖం పెట్టి "ష్!" అంది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పొగ గిన్నె తీసుకుని, గేటు దగ్గరికి నడిచారు. మైదానం మధ్యలోంచే నడిచారు.

మధ్యాహ్నానికి కల్పలత బయటికి వచ్చింది. నీళ్లు తాగిన ఎలకలు గోడలు వదల్లేదు. గోలీ మింగినవి బయటికొచ్చాయి. ఆకు తాగినవి గోలీ వాటంత కాదు గానీ, వచ్చాయి. ఒకటి మాత్రం గోడల్లేని దారి చిట్టచివరికి పోయి, కిందికి తొంగి చూసి, అక్కడే కూర్చుని తీరిగ్గా మీసాలు కడుక్కుందట. ఊరినుంచి ఫోన్‌లో విన్న రామ్మోహనరావు, "లెక్కలు కట్టందే ఏమీ అనలేం" అన్నాడు. ఆ వెంటనే "శ్యామలమ్మకు చెప్పు, చెట్టు మార్చక్కర్లేదని" అన్నాడు.

మరుసటి గురువారం దస్తగిరి గేటు దగ్గరే ఆగి, సోమయ్య కుర్చీకి దీవెన ఇచ్చి, శ్యామలమ్మను పిలిపించాడు.

"అమ్మా, ఆ ఆకు ఏందో జెర నాకు సుత ఇస్తవా?"

"ఎలకల భయానికా సాబ్?"

"ఎలకలు పోనీ. నా తొవ్వల శానా కొట్లున్నయి. ఒకాయన రోజూ వచ్చి ఊదెయ్యమంటున్నడు. ఎట్ల కాదనాలె?"

శ్యామలమ్మ లోపలికి పోయి, ఇంటి నుంచి తెచ్చి షెడ్డులో పెట్టుకున్న పెయింటు డబ్బా ఒకటి తెచ్చింది. అందులో గుబురుగా అత్తిపత్తి మొక్క. ఆయన అపురూపంగా వేలు పెట్టి ముట్టుకున్నాడు. ఆకులన్నీ ఒక్కసారిగా ముడుచుకుపోయాయి. దస్తగిరి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అరే! ఇది నా కన్న పిరికిది గదమ్మా! ఇదేం ధైర్యమిస్తది?"

"జెర ఆగు సాబ్. మల్ల తెరుసుకుంటది."

ఇద్దరూ గేటు మధ్యలో డబ్బా మీదికి వంగి, ఆకు ఎప్పుడు విచ్చుకుంటుందా అని చూస్తూ నిలబడ్డారు. వెనక బండి మీద ఎవరో పిల్లవాడు జరగమని హారన్ కొట్టాడు. శ్యామలమ్మ తల తిప్పకుండానే చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా. తెరుసుకుంటున్నది."